పడక రాతి కింద వెయ్యి

నంద్యాల

చిరంజీవి శాంభవికి,

నువ్వు పంపిన బొమ్మ చూశాను. అంగారకుడి మీద అద్దాల మేడ, కిటికీ పక్కన నీ మంచం. ముచ్చటగా ఉంది. కానీ తల్లీ, ఆ మంచం మీద నిన్ను పడుకోనివ్వను.

అంతరిక్షం నుంచి కురిసే రేడియేషన్‌కు అడ్డుగా మన నెత్తిన రెండు గొడుగులున్నాయి. ఒకటి గాలి, రెండోది భూమి అయస్కాంత క్షేత్రం. అంగారకుడి మీద గాలి పీడనం మన దగ్గరి దానిలో నూరో వంతు కూడా లేదు. గ్రహమంతటినీ కాచే అయస్కాంత క్షేత్రం ఎప్పుడో పోయింది. 2012లో అక్కడ దిగిన క్యూరియాసిటీ రోవర్ కొలిస్తే, నేల మీద రేడియేషన్ రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్టులు తేలింది. మనకు ప్రకృతి నుంచి ఏడాదికి సగటున వచ్చేది 2.4. మన ఏడాది మోతాదు అక్కడ నాలుగు రోజుల్లో తీరిపోతుందన్నమాట.

మందపాటి రేకు కప్పితే చాలదా అంటావేమో. దూసుకొచ్చిన కణం రేకులోని పరమాణు కేంద్రకాన్ని బద్దలు కొడితే, ఆ ముక్కలు లోపలికే చిమ్ముతాయి. వాటినీ ఆపాలంటే మీటర్ల మందాన రాయి కావాలి. అంత బరువు ఇక్కడి నుంచి మోసుకుపోలేం, అక్కడున్న రాయినే కప్పుగా వాడుకోవాలి. 2016లో క్యూరియాసిటీ ఒక గుట్ట వారగా ఆగితే రేడియేషన్ సుమారు 5 శాతం తగ్గింది. చూరు కింద నిలబడితే జల్లు తగ్గినట్టే. మరి నలువైపులా రాయి ఉండే గుహలో అయితే?

మనం చూసిన బెలుం గుహలు నీరు సున్నపురాతిని కరిగించి తొలిచినవి. అంగారకుడివి లావా చేసినవి. పారే లావా పైన పాల మీద మీగడలా పొర గట్టిపడుతుంది. లోపలిది జారిపోతే సొరంగం మిగులుతుంది. ఆర్సియా మాన్స్ అనే అగ్నిపర్వతం మీద 100 నుంచి 250 మీటర్ల వెడల్పున్న, గుహల నోళ్లలా కనిపించే ఏడు నల్లటి బిలాలను 2007లో గుర్తించారు. చుట్టుపక్కల నేలకన్నా అవి పగలు చల్లగా, రాత్రి వెచ్చగా ఉన్నాయి. మన పాత మట్టి మిద్దె గుణమే. అందుకే అవి లోతైనవని శాస్త్రవేత్తలు పసిగట్టారు. ఇంతవరకూ వాటిలోకి ఎవరూ దిగలేదు.

అయితే గుహ దారిలో కాయదు. వ్యోమనౌకలో మోతాదు రోజుకు సుమారు 1.84 మిల్లీసీవర్టులు. రానుపోను 360 రోజులకు దాదాపు 660. నాసా ఒక వ్యోమగామికి ఉద్యోగకాలం మొత్తానికి పెట్టిన హద్దు 600. ప్రయాణమే హద్దు దాటిస్తుంటే, అక్కడ గడిపే ప్రతి గంటనూ పొదుపుగా వాడుకోక తప్పదు.

ఇప్పుడు నీకొక లెక్క. అక్కడ 500 రోజులుండాలి. రోజంతా బయటే తిరిగితే 335. రోజుకు ఎనిమిది గంటలే బయట పనిచేసి, తక్కిన పదహారు గంటలూ గుహలో గడిపితే ఎంత? గుహలో సున్నా అనుకో. జవాబు రాశాక బొమ్మ దిద్ది పంపు. అద్దాల గది పనికి ఉంచుకో, మంచం మాత్రం కిందికి దించు.

ఇట్లు,
నీ తాతయ్య