తిరిగి ప్రారంభించిన ఉప్పునీటి అక్వేరియంలో నీటి కలక: కారణ నిర్ధారణ, యాజమాన్యం

కొంతకాలం వాడుకలో లేక, తిరిగి నింపిన ఉప్పునీటి అక్వేరియంలో మూడవ రోజో నాలుగవ రోజో నీరు పాలు కలిపినట్లు తెల్లబడటం తరచు కనిపించే విషయం. నిర్వాహకులు సాధారణంగా నీరంతా పారబోసి మళ్లీ నింపుతారు, లేదా నీటిని తేటపరచే ద్రావణం పోస్తారు. కారణం తొలగనందున కలక తిరిగి వస్తుంది. ఇంతకంటె నష్టకరమైన పొరపాటు మరొకటి ఉన్నది. కలక ఉన్న రోజులలో అమ్మోనియా పరీక్ష శూన్యం చూపితే, తొట్టి సిద్ధమైనదని భావించి చేపలను వదలుతారు. వారం లోపే అవి చనిపోతాయి.

కలక ఏ రకమైనదో ముందుగా గుర్తించాలి. గాజు గ్లాసులో నీటిని తీసుకొని కదలకుండా ఉంచితే చాలావరకు తెలుస్తుంది. కొద్ది నిమిషాలలోనే తేటపడితే అది పంపు నుండి గాని ప్రోటీన్ స్కిమ్మర్ నుండి గాని వచ్చిన సూక్ష్మమైన గాలి బుడగలు. కొన్ని గంటలలో అడుగున తెల్లని పొడి చేరితే అది ఖనిజ సంబంధమైనది. అటువంటి నీటిలో కొన్ని చుక్కల వెనిగర్ వేసినప్పుడు పొడి కరిగిపోతుంది. ఈ పొడి సరిగా కడగని అరగొనైట్ ఇసుక ధూళి కావచ్చు, లేదా నీటిలోనే అవక్షేపించిన కాల్షియం కార్బొనేట్ కావచ్చు. క్షారత పడిపోయి ఉంటే రెండవదిగా భావించాలి. ఉప్పు పొడిపై నీరు పోయటం, కలిపేటప్పుడు అధికంగా వేడిచేయటం, కాల్షియం, క్షారత పెంచే ద్రావణాలను ఒకేసారి పోయటం దీనికి ముఖ్య కారణాలు. ఉప్పును ఎప్పుడూ నీటిలో కొద్దికొద్దిగా వేసి, పంపుతో ఒక రోజు కలియబెట్టిన తర్వాతనే వాడాలి. గ్లాసు వెనుక తెల్ల కాగితం ఉంచినప్పుడు ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే అది వృక్షప్లవకం. రాత్రంతా ఉంచినా పేరుకోక, వెనిగర్‌కు కరగక, తెల్లగానే నిలిచే కలక బాక్టీరియా వలన కలిగినది. తిరిగి ప్రారంభించిన తొట్లలో ప్రధానంగా ఎదురయ్యేది ఇదే.

ఈ బాక్టీరియా నైట్రీకరణ చేసేవి కావు. నైట్రీకరణ బాక్టీరియా రాయి, ఇసుక, వడపోత పదార్థం వంటి ఉపరితలాలను అంటిపెట్టుకొని పెరుగుతాయి. వాటి సంఖ్య రెట్టింపు కావటానికి అనుకూల పరిస్థితులలోనూ అనేక గంటలు, తరచు ఒక రోజు లేక అంతకు మించి పడుతుంది. నీటిని తెల్లబరచేవి సేంద్రియ కర్బనంపై బ్రతికే పరపోషక బాక్టీరియా. ఆహారం దొరికితే ఇవి గంటలోపే రెట్టింపు కాగలవు. పాత తొట్టిలో వాటికి ఆహారం సమృద్ధిగా ఉంటుంది. ఎండిన రాళ్ల రంధ్రాలలో చనిపోయిన స్పాంజీలు, పురుగులు, ఇసుక అడుగున పేరుకున్న మడ్డి, గాలి అందక కుళ్లిన వడపోత పదార్థం నీరు తగలగానే కర్బనాన్ని, నత్రజనిని విడుదల చేస్తాయి.

నేల శాస్త్రం చదివిన వారికి తరువాతి పరిణామం కొత్తది కాదు. కుళ్లని వరిగడ్డిని దమ్ములో కలిపి వెంటనే నాటితే పైరు కొద్ది రోజులు పసుపు రంగుకు తిరుగుతుంది. కర్బన–నత్రజని నిష్పత్తి అధికంగా ఉన్నందున సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తమ దేహాలలో బంధిస్తాయి. అక్వేరియంలోనూ అదే జరుగుతుంది. కలక ఉన్న నీటిలో అమ్మోనియా శూన్యంగా కనిపిస్తే అది నైట్రేట్‌గా మారినదని చెప్పలేము; బాక్టీరియా దేహాలలో చేరి ఉండవచ్చు. కోస్తాలో బయోఫ్లాక్ పద్ధతిలో రొయ్యలు పెంచేవారు బెల్లం లేక బెల్లం మడ్డి వేసి కోరి చేయించేది ఈ పనినే. అయితే అక్కడ గాలి మరలు నిరంతరం తిరుగుతాయి. అక్వేరియంలో కర్బనం అయిపోగానే బాక్టీరియా చనిపోతాయి, బంధింపబడిన నత్రజని తిరిగి అమ్మోనియాగా బయటపడుతుంది. సముద్రపు నీటిలో పి.హెచ్. 8.2, ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో సుమారు 7 శాతం విషపూరితమైన అయనీకరణ చెందని రూపంలో ఉంటుంది. పి.హెచ్. 7 వద్ద ఇది ఒక శాతం కన్న తక్కువే.

నైట్రీకరణకు కొంత కాలం అవసరమన్న సంగతి 1877 లోనే తెలిసినది. ఫ్రాన్సులో ష్లోసింగ్, ముంట్జ్ ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని పోనిచ్చారు. సుమారు 20 రోజుల వరకు అమ్మోనియా మారలేదు. తరువాత నైట్రేట్ కనిపించినది. క్లోరోఫాం ఆవిరి సోకగానే ప్రక్రియ ఆగినది. కొద్దిగా మట్టి కడిగిన నీరు చేర్చినప్పుడు తిరిగి మొదలైనది. అక్వేరియం నిర్వాహకునికి ఈ ప్రయోగమే మంచి పాఠ్యపుస్తకం. కలక పోవాలని యాంటీబయాటిక్ వేయటం క్లోరోఫాం సోకించటం వంటిది. ఆరోగ్యంగా నడుస్తున్న మరొక తొట్టి నుండి గుప్పెడు వడపోత పదార్థం తెచ్చి వేయటం మట్టి నీరు చేర్చటం వంటిది.

బాక్టీరియా కలకలో మొదట కాపాడవలసినది ప్రాణవాయువును. సముద్రపు నీరు 25 డిగ్రీల వద్ద లీటరుకు 7 మి.గ్రా. లోపు ప్రాణవాయువునే నిలుపుకొనగలదు. పరపోషకాలు దానిని వేగంగా హరిస్తాయి. ఒక మి.గ్రా. అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారటానికి సిద్ధాంతరీత్యా 4.57 మి.గ్రా. కావాలి. కనుక గాలి సరఫరా, స్కిమ్మర్ రాత్రింబగళ్లు నడవాలి. మేత, కర్బన ద్రావణాలు పూర్తిగా ఆపాలి. ఎండిన రాళ్లను వేరే డ్రమ్ములో ఉప్పునీటిలో ఉంచి, వాసన పోయేవరకు నీరు మార్చటం ఉత్తమం. అతినీలలోహిత దీపం నీటిలో తేలే బాక్టీరియాను తగ్గిస్తుంది, ఉపరితలాలపై ఉన్న నైట్రీకరణ బాక్టీరియాకు హాని చేయదు. చేపలు లేనట్లయితే ఏమీ చేయక వేచియుండటం కూడా సరైన యాజమాన్యమే.

నీరు తేటపడిన తర్వాతనే అసలు పరీక్ష. 200 లీటర్ల తొట్టిలో లీటరుకు 2 మి.గ్రా. నత్రజని చొప్పున కావాలంటే 400 మి.గ్రా. నత్రజని అవసరం. అమ్మోనియం క్లోరైడ్‌లో నత్రజని 26 శాతం కనుక సుమారు 1.5 గ్రాములు సరిపోతుంది. ఎరువుల సంచి నుండి తీసిన అమ్మోనియం సల్ఫేట్ వాడరాదు, అందులోని మలినాల సంగతి తెలియదు. ఒక మి.గ్రా. నత్రజని నైట్రీకరణకు కాల్షియం కార్బొనేట్ లెక్కన 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది. అంటే ఈ మోతాదు ఒక్కొక్కసారికి 14 మి.గ్రా. తగ్గిస్తుంది. సముద్రపు నీటి క్షారత సుమారు 120 మి.గ్రా. మాత్రమే కనుక, ఐదు మోతాదులకు సగానికి పైగా హరించుకుపోతుంది. నైట్రీకరణ మధ్యలో ఆగిపోయిన తొట్లలో క్షారతను కూడా పరీక్షించాలి.

మోతాదు వేసిన 24 గంటలలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ శూన్యమై, నైట్రేట్ పెరిగి ఉండాలి. మరునాడు మళ్లీ వేసినా అదే ఫలితం రావాలి. అప్పుడు సగం నీరు మార్చి, ఒకటి రెండు గట్టి చేపలతో మొదలుపెట్టి, మొదటి వారం రోజూ అమ్మోనియా పరీక్షించాలి.