ఎవరి యింటికి ఎదురుగా వారు

పాఠ్యభాగము: నెహెమ్యా 3:1–32, మార్కు 2:1–12.

నెహెమ్యా మూడవ అధ్యాయమును మనలో అనేకులము పేర్ల పట్టికయే గదా అని దాటివేయుదుము. అయితే ఆ పేర్ల నడుమ ఒక సంగతి మరల మరల కనబడుచున్నది. ఒకడు తన యింటికి ఎదురుగా గోడ బాగుచేసెను. వానిని ఆనుకొని మరియొకడు బాగుచేసెను. యాజకులు, కంసాలులు, వర్తకులు కూడ పనిచేసిరి. షల్లూము తన కుమార్తెలతో వచ్చెను. ఒక్కొక్కరి వంతు కొద్దిపాటిదే గాని, నడుమ ఒక్కడు చేతులు ముడుచుకొనినను శత్రువునకు దారి దొరకును.

ఇట్టి పని మన కాలములో అమెరికాలోని బోస్టను పట్టణమున జరిగెను. 1980ల చివర క్రాక్ అను మత్తుమందు అక్కడి బీద పేటలలో ప్రబలెను. దానిని అమ్ము కుఱ్ఱవాండ్రు ముఠాలు కట్టి తుపాకులు పట్టిరి. 1990లో ఆ పట్టణమున 152 హత్యలు జరిగెను. ఆ పేటలలో దేవాలయములు లేకపోలేదు. కాని వాటి తలుపులు మూసిన వేళ కుఱ్ఱవాడు వీధిలో నుండెను, మత్తుమందు అమ్మువాడు వాని ప్రక్కనే యుండెను.

1992 మే నెలలో మార్నింగ్ స్టార్ బాప్టిస్టు దేవాలయములో ఒక యౌవనస్థుని అంత్యక్రియల ఆరాధన జరుగుచుండగా, ముఠావారు లోనికి చొరబడి మరియొక కుఱ్ఱవానిని అందరి యెదుట కత్తితో పొడిచిరి. సంఘము వీధిలోనికి వెళ్లలేదు గనుక వీధియే సంఘములోనికి వచ్చెను.

అప్పుడు కొందరు కాపరులు టెన్ పాయింట్ కొయలిషన్ అను పేరుతో ఏకమైరి. యూజీన్ రివర్స్ పెంతెకొస్తువాడు, జెఫ్రీ బ్రౌన్ బాప్టిస్టు, రే హామండ్ మెథడిస్టు కాపరియు వైద్యుడును. సిద్ధాంత భేదములన్నియు తేల్చుకొనువరకు వారు ఆగియుండినయెడల ఇంకెందరు పిల్లలను పాతిపెట్టవలసి వచ్చెడిదో!

వారు చేసిన పని చాల సామాన్యమైనది. శుక్రవారము రాత్రి పది గంటలకు బయలుదేరి, రెండు గంటలవరకు ఆ వీధులలో నడచిరి. మొదటి వారములలో కుఱ్ఱవాండ్రు వారిని దూరమునుండి చూచుచుండిరే గాని దగ్గరకు రాలేదు. వీరు మానక వచ్చుట చూచిన తరువాతనే నోరు విప్పిరి. అప్పుడైనను కాపరులు ప్రసంగము మొదలుపెట్టక, మేమేమి చేయవలెనని వారినే అడిగిరి. బోధించుటయే అలవాటైన మనకిది ఎంత కష్టము! న్యాయస్థానములో బాలుర పక్షమున నిలుచుటయు వారి పది అంశములలో నొకటి. మునుపు పోలీసువారిని నమ్మని కాపరులు వారితో కలిసి పనిచేయ నేర్చుకొనిరి.

1999లో హత్యలు 31కి తగ్గెను. ఘనతయంతయు సంఘములదేయని చెప్పుట సత్యము కాదు. పోలీసువారి క్రొత్త పద్ధతులకును, ప్రొబేషను అధికారులకును, వీధులలో తిరిగిన సేవకులకును అందులో పాలు కలదు.

మార్కు సువార్తలో పక్షవాయువు గలవానిని నలుగురు మోసిరి. వారిలో ఎవరు ముందు నడచిరో, ఎవరు వెనుక నడచిరో వ్రాయబడలేదు. ఒక్కడు వదలినయెడల పరుపు ఒరిగిపోవును. మన పేటల సంగతి చూడుడి. ఒకే వీధిలో లూథరన్, బాప్టిస్టు, సి.ఎస్.ఐ. దేవాలయములుండును, ఆదివారము సాయంకాలము ఎవరి యౌవనుల కూటము వారిదే. చదువు మానివేసి గంజాయికి, ఫోనులో పందెములకు అలవాటుపడి మూల దుకాణమువద్ద నిలుచున్న అబ్బాయి ఏ సంఘపు పుస్తకములోను లేడు. వాడు మీవాడా, మావాడా అని విచారించుచున్నాము గాని, వాని పేరు మనలో ఎందరికి తెలియును?

ఒకటి దాచకూడదు. 2000 తరువాత బోస్టనులో కూటమి బలహీనపడెను, నాయకులలో భేదములు వచ్చెను. 2005 నాటికి హత్యలు మరల 31కి రెట్టింపు దాటెను. నెహెమ్యా కూడ గోడ పూర్తియైనదని జనులను ఇండ్లకు పంపి ఊరకుండలేదు. ఏడవ అధ్యాయము మూడవ వచనము చూడుడి. కట్టినవారినే, ఎవరి యింటికి ఎదురుగా వారిని కావలి యుంచెను.