ముందు సమస్య... ఆ తర్వాతే సెక్షన్

హైదరాబాద్‌లోనో విశాఖలోనో లా చదువుతున్న విద్యార్థి నేడు వీసా లేకుండానే జర్మనీ, దక్షిణాఫ్రికా విద్యార్థులతో కలిసి ఒకే ప్రాజెక్టు చేయొచ్చు. రెండు దేశాల అధ్యాపకులు కలిసి పాఠం రూపొందించి, విద్యార్థులను జట్లుగా చేసి ఆన్‌లైన్‌లో పనిచేయించే పద్ధతిని ‘కాయిల్’ అంటున్నారు. తులనాత్మక న్యాయశాస్త్రానికి ఇది ఎంతో మేలు చేస్తుంది. పరాయి చట్టాన్ని పుస్తకంలో చదవడం వేరు, ఆ చట్టం కింద బతుకుతున్నవారిని అడిగి తెలుసుకోవడం వేరు. అయితే మీటింగు లింకు ఉన్నంత మాత్రాన సరిపోదు. అడిగే నేర్పు, వినే ఓపిక కావాలి.

సమస్యతో మొదలుపెట్టండి

‘మీ దగ్గర గుడ్ సమారిటన్ చట్టం ఉందా?’ అని అడిగితే అవుననో కాదనో జవాబు వస్తుంది. మాట అక్కడితో సరి. ‘రోడ్డు మీద ఒకరు గాయపడి ఉన్నారు. దారినపోయే వ్యక్తి చూసీచూడనట్టు వెళ్లిపోయాడు. మీ చట్టం అతణ్ని ఏం చేస్తుంది?’ అని అడిగి చూడండి. జర్మనీ విద్యార్థి తమ శిక్షాస్మృతిలోని 323సీ సెక్షన్ తీస్తారు. తనకు పెద్ద ప్రమాదం లేకుండా సాయం చేయగలిగి కూడా చేయకపోతే అక్కడ నేరం. ఏడాది వరకు జైలు లేదా జరిమానా. మన దగ్గర దారినపోయేవారిపై సాధారణంగా అలాంటి బాధ్యత లేదు. సాయం చేసినవారిని వేధించకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసింది. అలా సాయం చేసినవారి రక్షణకే 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. అక్కడి సెక్షన్ చూపు వెళ్లిపోయినవాడి మీద, ఇక్కడి సెక్షన్ చూపు ఆగినవాడి మీద. ప్రశ్న సూటిగా ఉంటేనే ఇలాంటి తేడా బయటపడుతుంది.

‘తెలిసిందే కదా’ అనుకోవద్దు

మనకు ‘పిల్’ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) రోజూ వినే మాట. అవతలివారికి కొత్త కావచ్చు. బాధితుడు కాని మనిషి కోర్టుకు ఎలా వస్తాడు, ఒక ఉత్తరాన్ని పిటిషన్‌గా ఎందుకు తీసుకుంటారు అని వాళ్లు అడగొచ్చు. కోర్టు మెట్లెక్కలేని పేదల కోసం ఆ తలుపు తెరిచారని రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ అంశం మనకే ఇంకా పూర్తిగా పట్టుబడలేదన్నమాట. అదే మీ తర్వాతి హోంవర్క్.

ర్యాంకులు వేయొద్దు

మా చట్టం గొప్పదా, మీది గొప్పదా అన్న పోటీ మొదలైతే నేర్చుకోవడం ఆగిపోతుంది. ఉరిశిక్షపై దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 1995లో మక్వన్యానె కేసులో తీర్పునిచ్చింది. బచన్‌సింగ్ కేసులో మన సుప్రీంకోర్టు 1980లో ఉరిని సమర్థించిన తీర్పును అందులో శ్రద్ధగా పరిశీలించింది. రెండు రాజ్యాంగాల మాటల్లో తేడా ఎక్కడుందో చూపించి, ఆ తర్వాతే ఉరిని కొట్టేసింది. విభేదించడానికి ఇంతకన్నా మంచి నమూనా ఏముంటుంది? ‘మీరు చెప్పింది నాకిలా అర్థమైంది, సరేనా?’ అని అడిగాకే మీ అభ్యంతరం చెప్పండి.

గడియారం చూడండి, రాసిపెట్టండి

జర్మనీ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో అక్కడ గడియారాలు మారతాయి. అందుకే మీటింగు పిలుపులో రెండు దేశాల సమయాలూ రాయండి. మీటింగు ముగిసిన వెంటనే ఎవరు ఏ పని, ఎప్పటికి చేయాలో అందరికీ కనిపించే డాక్యుమెంటులో ఎక్కించండి.

వెనకాడొద్దు

ఇంగ్లిష్ యాస గురించి బెంగ వద్దు. నిదానంగా, చిన్న వాక్యాల్లో మాట్లాడితే చాలు. మీ మాట చిన్నదనీ అనుకోవద్దు. జర్మన్ పండితుడు డీట్రిష్ కాన్రాడ్ 1965లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ సవరణ అధికారానికి ఉన్న హద్దులపై ప్రసంగించారు. ఆయన ఆలోచనను 1973లో కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా ఉటంకించారు. తరగతి గదిలో పుట్టిన మాటకు అంత దూరం వెళ్లే శక్తి ఉంది. ఈసారి మీ జట్టు కలిసినప్పుడు మొదటి ప్రశ్న మీరే వేయండి. అందులో సెక్షన్ నంబరు కాదు, ఒక మనిషి కష్టం ఉండాలి.