నర్సమ్మతో చెప్పవలసిన మాట

నెల తప్పితే వేవిళ్ల సంగతి వాడంతా మాట్లాడుకుంటారు. పుల్ల మామిడికాయ తెచ్చి పెడతారు. కాళ్లకు నీరు వస్తే ఇరుగమ్మ, పొరుగమ్మ వచ్చి చూసి పోతారు. మరి కింద దురద పుడితే? తెల్లబట్ట ఎక్కువైతే? కురుపు లేస్తే? ఆ మాట ఎవరూ ఎత్తరు. ఎత్తినా "వేడి చేసిందిలే, మజ్జిగ తాగు" అంటారు. మజ్జిగ తాగితే మంచిదే. కాని అది పుండును మాన్పదు.

కడుపుతో ఉన్నప్పుడు తెల్లబట్ట కొంచెం ఎక్కువ కావడం మామూలే. ఆ రోజుల్లో గర్భసంచికి, యోనికి రక్తం ఎక్కువగా వస్తుంది. అందుకే తడి కూడా ఎక్కువవుతుంది. అది పలుచగా, పాలరంగులో ఉండి, చెడు వాసన, దురద లేకపోతే భయం లేదు. ఒంట్లో సత్తువ అంతా దాంతో పోతుందని కొందరు దిగులు పడతారు. అలా ఏమీ పోదు. మెత్తని నూలు గుడ్డ వాడితే చాలు. ఆ గుడ్డను ఉతికి ఎండలో ఆరవేయాలి. మగవాళ్ల కంట పడుతుందని చీర మాటున ఆరేస్తారు చాలామంది. అలా వేస్తే గుడ్డ సరిగా ఆరదు. యోని లోపలికి సబ్బునీళ్లు, మందునీళ్లు పోసి కడగకూడదు. బయట మంచినీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది.

అదే తెల్లబట్ట విరిగిన పాల ముద్దల్లా పడుతూ, దురద, మంట పెడితే అది ఒక రకం బూజు వల్ల వచ్చే జబ్బు. గర్భిణులకు ఇది తరచుగా వస్తుంది. షుగరు ఉన్నవారికి మరీ ఎక్కువ. దీనికి యోనిలో పెట్టుకునే బిళ్లలు ఉన్నాయి. డాక్టరు చెప్పినన్ని రోజులు పెట్టుకోవాలి. రెండు రోజులకే దురద తగ్గిందని మానేస్తే మళ్లీ వస్తుంది. మందుల షాపులో అడిగి మింగే బిళ్లలు తెచ్చుకోవద్దు. కొన్ని కడుపులో బిడ్డకు పడవు. తెల్లబట్ట పసుపుగానో ఆకుపచ్చగానో పడినా, చేపల వాసన వచ్చినా అది వేరే జబ్బు. దానికి మందూ వేరే.

ఇంకొకటి ఉంది. నెలలు నిండే కొద్దీ కొందరికి యోని పెదవుల మీద నరాలు నీలంగా ఉబ్బుతాయి. బరువుగా లాగినట్టు ఉంటుంది. చేతికి తగిలితే పేగు జారిందేమోనని హడలిపోతారు. అది పేగు కాదు. కడుపు బరువు వల్ల రక్తం కిందనే నిలిచి నరాలు ఉబ్బుతాయి. ఎక్కువసేపు నిలబడకుండా, పక్కకు తిరిగి పడుకుంటే కొంత సుఖం. చాలామందికి కాన్పు అయ్యాక కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. అయినా ఒకసారి నర్సమ్మకు చూపించాలి.

అన్నిటికంటే మోసం చేసేది నొప్పి లేని పుండు.

మంగకు నాలుగో నెల. స్నానం చేస్తుంటే కింద గట్టిగా చిన్న పుండు చేతికి తగిలింది. నొప్పి లేదు, దురద లేదు. ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు అదే మానిపోయింది. "బతికాను" అనుకుంది. టీకాల రోజున నర్సమ్మ అందరినీ అడిగినట్టే ఆమెనూ అడిగింది.

"కింద పుండుగాని, కురుపుగాని లేచిందా అమ్మా?"

"లేచింది నర్సమ్మా. అదే పోయింది."

"పుండు పోయింది. రోగం పోయిందో లేదో రక్తం చూస్తే గాని తెలియదు."

"మా అత్తమ్మకు చెప్పకు నర్సమ్మా!"

"నేనెవరికీ చెప్పను. మీ ఆయనకు మాత్రం నువ్వు చెప్పాలి. ఆయనకూ పరీక్ష చేయాలి."

రక్తంలో సిఫిలిస్ ఉన్నట్టు తేలింది. దీన్నే సవాయి రోగం అంటారు. పుండు దానంతట అదే మానుతుంది. రోగం మాత్రం రక్తంలో ఉండిపోతుంది. తల్లి రక్తం నుంచి మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. గర్భం పోవచ్చు. బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. బతికి పుట్టినా ఎముకలు, కళ్లు, చెవులు చెడవచ్చు.

ఇంత రోగానికీ మందు పెన్సిలిన్ ఇంజెక్షన్. రోగం కొత్తదైతే ఒక విడత చాలు. పాతదైతే వారానికి ఒకటి చొప్పున 3 వారాలు వేస్తారు. కాన్పుకు కనీసం నెల రోజుల ముందే వైద్యం కావాలి. ఎంత త్వరగా వేయించుకుంటే బిడ్డకు అంత మేలు. లోగడ పెన్సిలిన్ పడక ఒళ్లు దద్దుర్లు లేచి ఉంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

మంగకు ముందు ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. ఇంట్లో పెద్ద గొడవే అయింది. ఎవరి నుంచి వచ్చింది అనే పంచాయతీ బిడ్డను కాపాడదు. అందుకే నర్సమ్మ ఆ మాట అడగనే లేదు. మొగుడూ పెళ్లామూ ఇద్దరూ సూది వేయించుకున్నారు. ఒక్కరే వేయించుకుంటే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది. వైద్యం పూర్తయి డాక్టరు సరేననే దాకా కలవకూడదు. ఆ మాట వినని మగవాడైతే నిరోధ్ అయినా తప్పదు. ఆ ఒక్కదానితో పూర్తి రక్షణ ఉండదని తెలిసి ఉండాలి.

జబ్బేమీ లేనప్పుడు, గర్భం సవ్యంగా ఉన్నప్పుడు, భార్యాభర్తలు కలిసినందువల్ల బిడ్డకు దెబ్బ తగలదు. బిడ్డ ఉమ్మనీటి సంచిలో భద్రంగా ఉంటుంది. కాని రక్తం కనబడినా, మాయ కిందికి ఉందని డాక్టరు చెప్పినా, ఉమ్మనీరు పోతున్నా కలవకూడదు. ఆమెకు ఇష్టం లేకపోయినా అంతే.

నీళ్లలా కారి గుడ్డ తడిసిపోతుంటే, రక్తం పడుతుంటే, తెల్లబట్టతో పాటు జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉంటే టీకాల రోజు దాకా ఆగరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి పోవాలి. మూత్రంలో మంట ఉన్నా ఆలస్యం చేయకూడదు. ఆ జబ్బు ముదిరితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. నొప్పితో నీటి పొక్కులు లేస్తే కాన్పుకు ముందే డాక్టరుకు చెప్పాలి.

నెల తప్పగానే పేరు రాయించుకుంటే సిఫిలిస్, హెచ్.ఐ.వి. రెండింటికీ రక్తం చూస్తారు. సర్కారు ఆసుపత్రిలో దీనికి డబ్బు అక్కరలేదు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే ఏర్పాటు కూడా ఉంది. అందరి ముందు చెప్పలేనివారు "నర్సమ్మా, పక్కకు రా" అంటే చాలు. మంగకు కాన్పయ్యాక బిడ్డ రక్తం కూడా పరీక్షకు పంపారు.

మాట్లాడుకోండి:
మీ ఊరికి నర్సమ్మ ఏ రోజు వస్తుంది? చాటుగా మాట్లాడే గది అక్కడ ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?