ఉద్యోగం పోయినా ఉపాధి ప్రదాత ఉన్నాడు

20 ఏళ్ళు ఒకే కంపెనీలో పనిచేసిన మనిషి చేతికి ఒకరోజు నోటీసు ఇచ్చి ఇంటికి పంపేస్తారు. ఆ మాట ఇంట్లో చెప్పలేక, రోజూ టిఫిను డబ్బా పట్టుకుని బయలుదేరి ఎక్కడో పొద్దుపుచ్చి వచ్చేవారున్నారు. సోదరులారా! ఉద్యోగం పోవడం పాపం కాదు. జీతం కంపెనీ చేతుల మీదుగా వచ్చింది, ఇచ్చినవాడు అల్లాహ్. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత ఆయనదేనని దివ్యఖుర్ఆన్ (హూద్ సూరా, 11:6) తెలుపుతోంది.

అయితే తవక్కుల్ అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ముహాజిర్‌గా మదీనా చేరినప్పుడు, హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన సఅద్ (రజి) కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపమన్నారు. పనీరు, నెయ్యి అమ్మి మళ్ళీ నిలదొక్కుకున్నారు. చిన్న పని మొదలుపెట్టడానికి ఆయన సిగ్గుపడలేదు.

కనుక మేము చెప్పేదేమిటంటే, ముందు భార్యాబిడ్డలకు నిజం చెప్పండి. తర్వాత రావలసిన బాకీ అడగండి. మన దేశ చట్టం ప్రకారం సాధారణంగా 5 ఏళ్ళ సర్వీసు నిండినవారికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ రావాలి. అది మీ హక్కు, అడగడం యాచన కాదు. కంగారుపడి వడ్డీ అప్పు జోలికి పోకండి.

బంధువులకూ ఒక మాట. అతను చేయి చాపేదాకా ఆగకండి. పేద బంధువుకు ఇచ్చినది దానమూ అవుతుంది, బంధుత్వాన్ని నిలిపినట్లూ అవుతుందని దైవప్రవక్త (స) బోధించారు.

అల్లాహ్ మనందరికీ హలాల్ ఉపాధి ప్రసాదించుగాక! ఆమీన్.