చార్జింగ్ టార్చిలైటులో లోపాల గుర్తింపు, సవరణ

ఉత్తర తెలంగాణలోని ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల రైతులకు టార్చిలైటు కూడా ఒక వ్యవసాయ పరికరమే. వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినప్పటికీ, రాత్రి పొలానికి వెళ్ళవలసిన అవసరం పూర్తిగా తీరలేదు. వరి మడికి నీరు మళ్ళించడానికి, ఆగిన మోటారును చూడడానికి, మొక్కజొన్నను అడవి పందుల నుండి కాపాడుకోవడానికి రైతులు చీకటిలోనే గట్ల వెంట నడుస్తారు. కట్లపాము సంచరించేది రాత్రివేళలోనే. దాని కాటు నొప్పి అంతగా తెలియకపోవడం వల్ల ప్రమాదాన్ని ఆలస్యంగా గుర్తించే అవకాశం ఉంది. కాబట్టి టార్చి సగం దారిలో ఆరిపోవడాన్ని చిన్న అసౌకర్యంగా భావించరాదు.

పాత ఫిలమెంటు బల్బు బ్యాటరీ తగ్గుతున్న కొద్దీ పసుపు రంగుకు మారి ముందే హెచ్చరించేది. నేటి ఎల్.ఇ.డి. టార్చీలలో కొన్ని చివరి వరకు ఒకే వెలుగునిచ్చి ఒక్కసారిగా ఆరిపోతాయి. అందువల్ల ఇంటి వద్ద ఒక నిమిషం వెలిగించి చూసినంత మాత్రాన టార్చి బాగున్నదని నిర్ధారించరాదు.

బ్యాటరీ రకాన్ని గుర్తించడం

సవరణకు ముందు బ్యాటరీపై ముద్రించిన వోల్టేజిని చూడాలి. సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి.

1. సీసపు బ్యాటరీ (4 వోల్టులు): నలుచదరపు పెట్టె ఆకారంలో, బరువుగా ఉంటుంది. పూర్తిగా చార్జి అయి కొన్ని గంటలు విశ్రాంతి పొందిన తరువాత 4.2 వోల్టులకు పైన చూపుతుంది. 3.9కి తగ్గితే దాదాపు ఖాళీ అయినట్లే.

2. నికెల్ సెల్లు (1.2 వోల్టులు): పెన్సిల్ సెల్లు ఆకారంలో ఉంటుంది. 1.0 వోల్టుకు తగ్గితే చార్జింగ్ అయిపోయినట్లు భావించాలి.

3. లిథియం సెల్లు (3.7 వోల్టులు): నిండినప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. 3.0 వోల్టుల కంటే దిగువకు పోనివ్వరాదు.

జాగ్రత్త: గోడ సాకెట్టులో నేరుగా గుచ్చే పిన్నులున్న చవక టార్చీలలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. లోపలి తీగలకు 230 వోల్టుల విద్యుత్తు అందే ప్రమాదం ఉంది. కాబట్టి చార్జింగ్‌లో ఉన్న టార్చిని ఎట్టి పరిస్థితిలోనూ విప్పరాదు. సాకెట్టు నుండి తీసిన వెంటనే కూడా పిన్నులను తాకరాదు.

లోపాన్ని వరుస క్రమంలో వెదకడం

మొదటి మెట్టు – బ్యాటరీ: మల్టీమీటరును డి.సి. 20 వోల్టుల స్థానంలో ఉంచి, టార్చి ఆర్పి ఉన్నప్పుడు ఒకసారి, వెలిగించి ఉన్నప్పుడు మరొకసారి కొలవాలి. ఆర్పినప్పుడు సరిగా ఉన్న కొలత, వెలిగించగానే బాగా పడిపోతే బ్యాటరీ బలం కోల్పోయినట్లు. నికెల్ సెల్లులను ఒక్కొక్కటిగా కొలవాలి. వరుసలో ఒక్క సెల్లు బలహీనమైనా మిగిలినవి దానిని మరింత పాడుచేస్తాయి. కాబట్టి మార్చవలసి వచ్చినప్పుడు అన్నింటినీ ఒకేసారి మార్చాలి.

రెండవ మెట్టు – చార్జింగ్: ముందుగా సాకెట్టులో వేరొక పరికరం పనిచేస్తున్నదో లేదో చూడాలి. ఎర్ర దీపం వెలిగితే బ్యాటరీ చార్జి అవుతున్నదని అనుకోరాదు. అనేక టార్చీలలో ఆ దీపం విద్యుత్తు వచ్చినదని మాత్రమే తెలుపుతుంది. చార్జింగ్‌కు ముందు, ఆ తరువాత కొలిచిన వోల్టేజిలో తేడా లేకపోతే లోపం చార్జింగ్ భాగంలోగాని, బ్యాటరీలోగాని ఉన్నట్లు. అదే రకం మంచి బ్యాటరీని అమర్చి చూస్తే ఆ రెండింటిలో ఏదో తేలుతుంది.

మూడవ మెట్టు – కాంటాక్టులు: టార్చిని కదిపితే వెలిగి ఆరుతున్నదంటే స్ప్రింగు లేదా రేకు వద్ద తుప్పు, చిలుము పట్టి ఉంటుంది. బ్యాటరీని తీసి, సన్నని గరుకు కాగితంతో తేలికగా రుద్ది, పొడి గుడ్డతో తుడవాలి. ఊడిన తీగకు టంకం వేయించాలి.

నాలుగవ మెట్టు – స్విచ్చు, బల్బు: బ్యాటరీ సరిగా ఉన్నా వెలుగు రాకపోతే, స్విచ్చు రెండు కొనలను చిన్న తీగతో కలిపి చూడాలి. వెలిగితే స్విచ్చు మార్చాలి. వెలగకపోతే బల్బును, దానికి వెళ్ళే తీగలను పరీక్షించాలి. ఈ తీగను బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య మాత్రం కలపరాదు.

చేయకూడని మార్పులు

పాడైన 4 వోల్టుల సీసపు బ్యాటరీ స్థానంలో లిథియం సెల్లును అమర్చడం ప్రమాదకరం. సీసపు బ్యాటరీని చార్జి చేయడానికి సుమారు 4.8 వోల్టుల వరకు అవసరం. లిథియం సెల్లు 4.2 వోల్టులను మించితే వేడెక్కి మండే అవకాశం ఉంది. ఉబ్బిన లిథియం సెల్లును మళ్ళీ చార్జి చేయరాదు. మామూలు డ్రై సెల్లులను చార్జింగ్‌లో పెట్టరాదు.

నిర్వహణ

సీసపు బ్యాటరీని ఖాళీగా వదిలితే పలకలపై లెడ్ సల్ఫేటు గట్టిపడి, చార్జింగ్‌ను స్వీకరించే శక్తి తగ్గుతుంది. పంట కోతల తరువాత టార్చిని మూలన పడేసి, తిరిగి వానాకాలంలో తీసినప్పుడు అది పనిచేయకపోవడానికి ముఖ్య కారణం ఇదే. వాడకం లేని కాలంలో కూడా రెండు నెలలకు ఒకసారి చార్జి చేయాలి.

రామగుండం, ఆదిలాబాద్ పరిసరాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరువవుతుంది. మోటారు వద్ద రేకుల గదిలో ఉంచిన టార్చిలో బ్యాటరీ ఆయుష్షు త్వరగా తరుగుతుంది. కాబట్టి ఇంటిలో నీడన ఉంచాలి. ఆదిలాబాద్ ప్రాంతపు చలికాలపు రాత్రులలో బ్యాటరీ వెలిగే సమయం కొంత తగ్గుతుంది. ఆ మేరకు ముందే లెక్క వేసుకోవాలి.

కొత్త టార్చిని పూర్తిగా చార్జి చేసి, వెలుగు తగ్గే వరకు ఎన్ని గంటలు పనిచేసినదో దానిపైనే రాసి ఉంచాలి. ప్రతి పంట కాలానికి ముందు ఇదే పరీక్ష చేసి, ఆ సమయం సగానికి తగ్గితే బ్యాటరీ మార్చాలి. లోపం బ్యాటరీలోగాని, కాంటాక్టులోగాని ఉన్నట్లు తేలితే టార్చి మొత్తాన్ని మార్చవలసిన పని లేదు.

పాత బ్యాటరీలను పొలంలో, బావిలో పడవేయరాదు, కాల్చరాదు. వాటిలోని సీసం, కాడ్మియం నేలను, నీటిని కలుషితం చేస్తాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. కాబట్టి సేకరణ కేంద్రానికిగాని, పాత బ్యాటరీలు తీసుకునే దుకాణానికిగాని అప్పగించాలి.

టార్చి పరీక్ష పగటిపూట, ఇంటి వద్ద జరగాలి. అయినా రాత్రి పొలానికి వెళ్ళేటప్పుడు రెండవ లైటును వెంట ఉంచుకోవడం, కాళ్ళకు బూట్లు ధరించడం, చేతికర్రతో దారిని తట్టుతూ నడవడం మానరాదు. పాము కాటు అనుమానం కలిగినా గాయాన్ని కోయకుండా, గట్టిగా కట్టు కట్టకుండా, ఆ వ్యక్తిని నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి తరలించాలి.