రెండు గుడ్లగూబలు – రెండు వేట పద్ధతులు

మామిడికుదురు పరిసరాలలోని కొబ్బరితోటలలో రాత్రివేళ గొంతు చీల్చుకున్నట్లు వినవచ్చే కర్కశమైన అరుపు తెల్ల గుడ్లగూబది. ఆ అరుపు వినబడితే ఇంటికి కీడని పెద్దలు అనడం మనకు పరిచితమే. ఉర్దూలో తెలివితక్కువవానిని 'ఉల్లూ' అంటారు. సంస్కృతంలో గుడ్లగూబకు 'దివాంధం' అని పేరు. పగటిపూట దానికి కనుచూపు ఉండదన్న మాట మాత్రం నిజం కాదు. ఈ నిందలన్నీ మోస్తున్న పక్షి వేటాడే తీరును పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగక మానదు.

సుమారు 36 సెంటీమీటర్ల పొడవుండే తెల్ల గుడ్లగూబ ముఖం హృదయాకారంలో ఉంటుంది. అది కేవలం అలంకారం కాదు; ధ్వనిని చెవులకు చేరవేసే పళ్ళెం వంటిది. ఒక చెవి రంధ్రం రెండవదానికన్న కొంత ఎత్తున ఉండటంచేత, ధ్వని ఏ దిశనుండి, ఎంత దిగువనుండి వస్తున్నదో ఆ పక్షి గ్రహించగలదు. రోజర్ పేన్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో ప్రచురించిన ప్రయోగాలలో, కటికచీకటి గదిలో సైతం అది ఎలుకను పట్టగలిగింది. ఎండుటాకులపై కాగితపు ఉండను ఈడ్చితే దానిమీదికే దూకింది! అనగా వాసనగాని, దేహపు వేడిగాని దానికి దారి చూపడంలేదు, చెవియే చూపుతున్నది. రెక్క అంచున దువ్వెన పళ్ళవంటి ఈకలుండుటచే ఎగిరేటప్పుడు చప్పుడు కాదు. ఎలుకకు అది వస్తున్న సంగతి తెలియదు. దాని చెవులకూ తన రెక్కల చప్పుడు అడ్డురాదు.

ఇక చేపలు పట్టే గోధుమరంగు గుడ్లగూబ. పొడవు సుమారు 56 సెంటీమీటర్లు. తలపై కొమ్ములవలె ఈకల కుచ్చులు, పసుపు కన్నులు. నీటి పక్కన పెద్ద చెట్లమీద దీని నివాసం. నీటిలో చేప కదలిన సవ్వడి గట్టుమీదికి వినరాదు గదా! అందుచేత దీనికి కన్నే ఆధారం. ముఖపు పళ్ళెం అంతగా వృద్ధి చెందలేదు. రెక్కల చప్పుడు చేపకు వినబడదు కనుక మౌనంగా ఎగురవలసిన అక్కరా లేదు. కాళ్ళపై ఈకలు లేవు. వేళ్ళ అడుగున ముళ్ళవంటి పొలుసులు జారే చేపను బిగించి పట్టుకుంటాయి. చేపలేగాక పీతలు, కప్పలు కూడా దీని ఆహారమే.

కోనసీమలో వరిచేలను పందికొక్కులు, కొబ్బరి పిందెలను ఎలుకలు ఎంత నష్టపరుస్తాయో రైతుబిడ్డలకు మేము చెప్పనక్కరలేదు. మలేసియాలో తాటినూనె తోటలవారు ఎలుకల నివారణకు తెల్ల గుడ్లగూబలకై గూటిపెట్టెలు అమర్చారు. ఇక్కడనో, బ్రోమడయోలోన్ వంటి మందు తిన్న ఎలుకను తిని గుడ్లగూబయే చనిపోయే ప్రమాదమున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబలను పట్టుటను, చంపుటను నిషేధించింది. అయినా మంత్రతంత్రాల పేర వాటిని పట్టేవారు లేకపోలేదు.

జంతుశాస్త్ర విద్యార్థులకొక సూచన. తెల్ల గుడ్లగూబ ఎలుకను సాధారణంగా మొత్తంగా మింగి, అరగని ఎముకలను, వెంట్రుకలను ఉండగా వెళ్ళగ్రక్కుతుంది. పాత భవనాల క్రింద రాలిన అట్టి ఉండలను నీట నానబెట్టి విడదీస్తే, పుర్రెలను లెక్కించి ఒక్కొక్క ఉండలో ఎన్ని ఎలుకలున్నవో తెలుసుకోవచ్చు.